జీను కొనబోయే ముందు కొలవవలసింది గుర్రం వీపు

జీను కొనడానికి వెళ్ళినప్పుడు మొదట ఎదురయ్యే ప్రశ్నలన్నీ రౌతు గురించే ఉంటాయి. కూర్చునే భాగం 16.5 అంగుళాలు కావాలా, 17 కావాలా, 17.5 కావాలా అని అడుగుతారు. తోలు రంగు అడుగుతారు. అడ్డంకులు దూకించడానికా, గుర్రంతో క్రమబద్ధమైన నడకలు చేయించే డ్రెసాజ్‌కా, మామూలు స్వారీకా అని అడుగుతారు. గుర్రం గురించిన విచారణ మాత్రం చాలాసార్లు ఒక్క మాటతో ముగుస్తుంది: నేరోనా, మీడియమా, వైడా. ఆ ఒక్క మాటకు కూడా తయారీదారులందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒకరు మీడియం అని ముద్ర వేసిన జీనూ, మరొకరు అదే ముద్ర వేసిన జీనూ పక్కపక్కన పెడితే ముందు భాగపు వెడల్పులో, వాలులో తేడా కంటికే కనిపిస్తుంది. బరువు మోసే వీపు గురించి ఇంత తక్కువగా, ఆ బరువై కూర్చునే మనిషి గురించి ఇంత ఎక్కువగా అడగడం వల్ల, గుర్రాలు పడే వీపు బాధల్లో కొంత భాగం కొనుగోలు నాడే మొదలవుతుంది.

మన దేశంలో ఈ సమస్యకు మరో కోణం ఉంది. ప్రపంచానికి జీనులు కుట్టి పంపే ఊళ్ళలో కాన్పూరు ఒకటి. 19వ శతాబ్దంలో సైన్యపు అవసరాల కోసం అక్కడ నెలకొన్న తోలు పరిశ్రమ నుంచి పెరిగిన ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కుట్టుపనిలో లోపం లేదు. కానీ జీను ఎంత బాగా కుట్టినదైనా, అది ఈ గుర్రానికి సరిపోతుందా లేదా అని చూసే పని వేరే నైపుణ్యం. ఇంగ్లండులో సొసైటీ ఆఫ్ మాస్టర్ శాడ్లర్స్ అనే వృత్తి సంఘం, జీను అమర్చి చూసేవారికి శిక్షణ ఇచ్చి అర్హతా పత్రం ఇస్తుంది. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో గుర్రాన్ని సాకేవారికి అలాంటి మనిషి పిలిస్తే వచ్చేంత దగ్గరలో దొరకడం అరుదు కాబట్టి, ఆ పరీక్ష చేయవలసిన బాధ్యత యజమాని మీదా, రోజూ గుర్రాన్ని తోమి జీను కట్టే సైసు మీదా పడుతుంది. అందుకు కావలసిన జ్ఞానం గుర్రం వీపు నిర్మాణంలోనే ఉంది.

గుర్రానికి 18 జతల పక్కటెముకలు, వాటిని మోసే 18 వెన్నుపూసలు ఉంటాయి. మెడ ముగిసేచోట ఎత్తుగా కనిపించే మూపు అనేది, ఆ పూసల్లో ముందువైపు వాటి మీద నిలువుగా లేచిన పొడవాటి ఎముక ముళ్ళ వరుస. మూపుకు వెనుక, వెన్నుకు ఇరువైపులా పొడవుగా సాగే కండరాలే బరువును భరించగలిగేవి; వాటి కింద పక్కటెముకల గూడు ఆసరాగా ఉంటుంది. చివరి పక్కటెముక దాటిన తరువాత వచ్చే నడుము భాగానికి ఆ ఆసరా లేదు. అందువల్ల జీను ఆనదగిన చోటు, చూడటానికి వీపంతా ఖాళీగా ఉన్నట్టున్నా, నిజానికి చాలా చిన్నది: భుజపు రెక్క ఎముక వెనుక అంచున మొదలై, 18వ పక్కటెముక వెన్నును కలిసే చోట ముగుస్తుంది. అడ్డంగా చూస్తే వెన్నెముక మీద ఎక్కడా ఏదీ ఆనకూడదు. అంటే బరువు మోయడానికి మిగిలేది వెన్నుకు అటొకటి ఇటొకటి ఉండే రెండు కండరపు పట్టీలు మాత్రమే.

ఈ హద్దుల్లో ముందు హద్దు కదిలేది కావడం వల్ల చిక్కు పెరుగుతుంది. మనిషికి ఉన్నట్టు గుర్రానికి మెడ కింది జత్రువు ఎముక లేదు. భుజపు రెక్క ఛాతీకి ఎముకతో అతుక్కొని ఉండదు, కండరాలే దాన్ని పట్టి ఉంచుతాయి. ముందరి కాలు చాచినప్పుడల్లా ఆ రెక్క పైఅంచు వెనక్కు తిరిగి వస్తుంది. నిలబెట్టిన గుర్రం మీద చక్కగా కూర్చున్నట్టు కనిపించిన జీను, నడక మొదలైన మరుక్షణం నుంచి ప్రతి అడుగుకూ ఆ రెక్కకు తగులుతూ ఉండవచ్చు. అలా తగిలే గుర్రం చాచవలసినంత దూరం కాలు చాచదు, అంగలు పొట్టివవుతాయి. అది సోమరితనంగా కనిపిస్తుంది.

బరువు ఎంతన్నది ఒక సంగతి, అది ఎంత జాగాలో పడుతుందన్నది మరో సంగతి. 70 కిలోల రౌతు, 7 కిలోల సరంజామా కలిపి 77 కిలోలు అనుకుందాం. జీను అడుగున ఉండే రెండు దిండ్లూ కలిసి 1,000 చదరపు సెంటీమీటర్ల మేర వీపుకు సమంగా ఆనితే, నిలబడి ఉన్నప్పుడు ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడేది 77 గ్రాములు. అదే జీను ముందు కొసన, వెనుక కొసన మాత్రమే ఆని మధ్యలో లేచి ఉంటే, ఆనే జాగా సగమవుతుంది, భారం 154 గ్రాములవుతుంది. జీను కింద పీడనాన్ని కొలిచే చాపలతో చేసిన పరిశోధనల్లో, సగటు పీడనం 11 కిలోపాస్కళ్ళు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 112 గ్రాములు దాటిన గుర్రాల్లో వీపు నొప్పి లక్షణాలు కనిపించాయి. పైగా ఈ లెక్క నిలబడిన గుర్రానిది. నడక కంటే వేగమైన ట్రాట్ పరుగులో ప్రతి అంగకూ వీపు మీద పడే శక్తి రౌతు బరువుకు రెండింతలు దాటుతుంది, ఇంకా వేగమైన కాంటర్‌లో ఇంకా పెరుగుతుంది. రౌతు బరువు గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదన్న వాడుక సూత్రం మంచిదే గాని, జీను సరిపోనప్పుడు తేలికపాటి రౌతు కూడా ఆ గుర్రానికి భారమే.

ఈ నేలకు బాగా సంబంధం ఉన్న ఉదాహరణ పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ గుర్రం. మలక్‌పేట మైదానం లాంటి చోట్ల పరుగెత్తి, వయసు మీరకుండానే పందేలు మానిన గుర్రాలు ఆ తరువాత స్వారీ నేర్పే క్లబ్బులకూ వ్యక్తులకూ చేరుతుంటాయి. అంతవరకూ వాటి మీద ఎక్కిన జాకీ, పందెంలో కిలో కూడా తూగని జీను మీద, రికాబుల్లో నిలబడి వంగి ఉంటాడు. పిరుదులు ఆనించి కూర్చోడు. కాబట్టి కూర్చునే రౌతును మోయడం ఆ వీపుకు కొత్త పని. ఆ జాతి లక్షణంగా మూపు ఎత్తుగా, వెనక్కు పొడవుగా ఉంటుంది. పక్కటెముకలు చదునుగా దిగుతాయి. పందెపు తయారీ ఆగిపోగానే కండ తగ్గి, మూపుకు ఇరువైపులా, భుజపు రెక్క వెనుక గుంటలు పడతాయి. ఆ స్థితిలో చూసి నేరో జీను కొంటారు. ఆరు నెలల మేతా, నెమ్మదైన సాధనా అయ్యేసరికి గుంటలు పూడి, వీపు వెడల్పవుతుంది. అప్పుడు అదే జీను నొక్కడం మొదలుపెట్టి, పెరుగుతున్న కండను తిరిగి కరిగిస్తుంది. గుంట మళ్ళీ కనిపించడంతో గుర్రం చిక్కిందని దాణా పెంచుతారు. జీను మీదికి అనుమానం పోదు. ఇలాంటి గుర్రానికి మొదటి ఏడాది ఖరీదైన, బిగుసుకుపోయిన కొలత గల జీను కొనడం కంటే, ముందు భాగపు కడ్డీని విప్పి వేరే వెడల్పుది బిగించుకోగలిగిన రకం వాడటం మేలు.

కొలత తీసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. వంచితే వంగి, వదిలినా అదే ఆకారంలో నిలిచే పట్టీ ఏదైనా సరిపోతుంది. నక్షాలు గీసేవారు వాడే వంగే స్కేలు మంచిది, అది లేకపోతే కరెంటు పనికి వాడే లావుపాటి రాగి తీగ. గుర్రాన్ని చదునైన నేల మీద, నాలుగు కాళ్ళ మీద సమంగా, తల మామూలు ఎత్తులో ఉండేలా నిలబెట్టాలి. భుజపు రెక్క వెనుక అంచును వేళ్ళతో తడిమి, దానికి రెండు మూడు వేళ్ళ వెనుక తీగను మూపు మీదుగా అడ్డంగా వేసి, ఇరువైపులా ఒంటికి అంటేలా నొక్కి, జాగ్రత్తగా ఎత్తి, అట్ట మీద గీసుకోవాలి. జీను మధ్య భాగం వచ్చేచోట ఒకసారి, చివరి పక్కటెముకను కింది నుంచి పైకి తడుముతూ పోతే అది వెన్నును కలిసేచోట ఒకసారి ఇలాగే గీయాలి. నాలుగో గీత నిలువుది: మూపు వెనుక నుంచి నడుము దాకా వీపు ఎంత వంపు తిరిగిందో చూపేది. మొదటి మూడు గీతలను మధ్యకు మడిచి చూస్తే ఎడమ, కుడి పక్కల తేడా తెలుస్తుంది. చాలా గుర్రాలకు ఒక భుజం రెండోదానికంటే నిండుగా ఉంటుంది. వెడల్పును నిండుగా ఉన్న పక్కకు సరిపడేలా ఎంచుకొని, తగ్గిన పక్కను మెత్తతో సరిచేయాలి; తగ్గిన పక్కకు కొంటే నిండు భుజం ప్రతి అడుగుకూ దెబ్బతింటుంది.

జీనును గుర్రం మీద పెట్టకముందే దాన్నే ఒకసారి పరీక్షించాలి, వాడిన జీను అయితే మరీ. లోపల చెక్కతోనో, ఉక్కు పట్టీలు వేసిన చెక్కతోనో, ప్లాస్టిక్‌తోనో చేసిన చట్రం ఉంటుంది. దాన్ని ట్రీ అంటారు. ముందు ఎత్తును తొడకు ఆనించి, వెనుక ఎత్తును తనవైపు లాగితే కూర్చునే భాగం కొద్దిగా వంగినట్టు కదలవచ్చు గాని, కిర్రుమన్నా, తోలు అడ్డంగా ముడతపడినా చట్రం విరిగిందని అనుమానించాలి. విరిగిన చట్రం ఉన్న జీనును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు. తిరగేసి చూస్తే అడుగు దిండ్లు రెండూ ఒకే ఎత్తులో, ఒకే ఆకారంలో ఉండాలి; అరచేత్తో నొక్కితే లోపలి ఉన్ని గడ్డలు కట్టినట్టు తగలకూడదు. రెండు దిండ్ల నడుమ ఉండే కాలువ ముందు నుంచి చివరి వరకూ మూడు నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి. ముందు వెడల్పుగా మొదలై వెనక్కు పోయేకొద్దీ ఇరుకైపోయే కాలువ, గుర్రం వంపు తిరిగినప్పుడల్లా వెన్నెముక అంచులను ఒరుస్తుంది.

ఆ తరువాత, కింద ఏ గుడ్డా వేయకుండా, జీనును మూపు మీద కాస్త ముందుకు పెట్టి, అది తనంతట తాను ఆగేచోటి వరకు వెనక్కు జరపాలి. అలవాటుకొద్దీ చాలామంది దాన్ని ఆగవలసిన చోటుకు ముందే, భుజం మీదనే ఆపుతారు. తరువాత కనిపించే తప్పుల్లో సగం అక్కడే పుడతాయి. చట్రం ముందు కొసలు భుజపు రెక్కకు వెనుక పడాలి, వాటి వాలు గుర్రం ఒంటి వాలుకు సమాంతరంగా ఉండాలి. ఆ కొసలు కనిపించవు గనుక, పక్కకు వేలాడే తోలు రేకు కింద వేళ్ళు పెట్టి వెతికి పట్టుకోవాలి. అరచేతిని దిండు ముందు అంచు కిందికి చొప్పించి పై నుంచి కిందికి దింపితే ఒత్తిడి అంతటా ఒకేలా తగలాలి. పైన వదులుగా ఉండి కింది కొస వేళ్ళను నొక్కేస్తే చట్రం ఇరుకు. పైన బిగుతుగా ఉండి కింద ఖాళీ ఉంటే చట్రం వెడల్పు.

ఇరుకు జీను ముందు పైకి లేచి రౌతును వెనక్కు వాలేలా చేస్తుంది, దాంతో బరువంతా దిండ్ల వెనుక కొసకు, చివరి పక్కటెముకల మీదికి పోతుంది. వెడల్పు జీను ముందు కుంగి మూపు ఎముకను తాకుతుంది, రౌతు ముందుకు జారుతుంటాడు. కూర్చునే భాగంలో ఒక గోళీని వదిలితే అది ఎక్కడ ఆగుతుందో చూడటం సులువైన పరీక్ష: నడుమ ఆగాలి, ఏ చివరికీ దొర్లకూడదు. మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి, అదీ రౌతు ఎక్కి కూర్చున్నాక. ఖాళీ పైన మాత్రమే సరిపోదు, మూపు పక్కలను కూడా జీను ఒరుసుకోకూడదు. వీపు వంపు కంటే దిండ్ల వంపు తక్కువైతే జీను కాలువ మీద వేసిన పలకలా రెండు కొసల మీద నిలుస్తుంది. ఎక్కువైతే రోకలిబండ మీద పెట్టిన పీటలా ఊగుతుంది. ఈ రెండింటిలో మొదటిది ఎక్కువ హానికరం, ఎందుకంటే ఊగే జీను చూడగానే తెలుస్తుంది, నిలిచి ఉన్నది మాత్రం స్థిరంగా, బాగా ఉన్నట్టు మభ్యపెడుతుంది.

పొట్ట కింద బిగించే గర్త్ పట్టీ సంగతి చాలామంది పట్టించుకోరు. ముందరి కాలి మోచేతికి జానెడు లోపు వెనుక, ఛాతీ సన్నబడేచోట అది సహజంగా కుదురుకుంటుంది. జీను నుంచి దిగే పట్టీలు ఆ చోటికి నిలువుగా దిగాలి. అవి వెనుక నుంచి ఏటవాలుగా వస్తే, ఎంత బిగించినా గర్త్ తన చోటికి పోవడానికి జీనును ముందుకు, భుజాల మీదికి లాగుతూనే ఉంటుంది. జీను కదులుతోందని ఇంకో రంధ్రం బిగించడం అక్కడ మందు కాదు.

జీను కింద వేసే గుడ్డలూ ప్యాడ్‌ల వ్యాపారం పెద్దది. చెమట పీల్చడానికి ఒక పలుచని నూలు గుడ్డ కావాలి, అది మన ఎండల్లో మరీ అవసరం. దాన్ని కాలువలోకి పైకి లాగి పెట్టాలి, మూపు మీద బిగుసుకుంటే అదే పుండు చేస్తుంది. రోజూ ఉతకాలి, లేకపోతే ఉప్పు గట్టి ఒరుసుకుంటుంది. కానీ ఇరుకు జీను కింద మందపాటి ప్యాడ్ వేయడం ఇరుకు చొక్కా లోపల స్వెటరు తొడిగినట్టు అవుతుంది. కొద్దిగా వెడల్పైన జీనును, కండ పెరిగేదాకా తాత్కాలికంగా ప్యాడ్‌తో సరిచేయవచ్చు. ఇరుకుదాన్ని ఏ ప్యాడూ వెడల్పు చేయదు.

నిలబెట్టి చూసిన పరీక్షకు కదిలించి చూసిన పరీక్షే ధ్రువీకరణ. రౌతు ఎక్కి, నడకలో, ట్రాట్‌లో, కాంటర్‌లో రెండు వైపులకూ తిప్పుతుండగా మరొకరు వెనుక నుంచి చూడాలి. వెనుక ఎత్తు పైకీ కిందికీ కొట్టుకుంటోందా, జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. అరగంట పని తరువాత జీను తీసి చెమట మచ్చలు చూడాలి. చుట్టూ తడిసి మధ్యలో పొడిగా మిగిలిన చోటు, ఒత్తిడి ఎక్కువై చెమట ఆగినదీ కావచ్చు, జీను అసలు ఆననిదీ కావచ్చు. అరచేతితో ముందే చూసుకొని ఉంటే ఏది ఏదో తెలుస్తుంది. ఆ చోట వెంట్రుకలు నలిగి అడ్డదిడ్డంగా ఉంటే ఒరుసుకుంటోందని అర్థం. మూపు పక్కన తెల్ల వెంట్రుకల మచ్చలు కనిపిస్తే అక్కడ రంగునిచ్చే కణాలు ఒత్తిడికి దెబ్బతిన్నాయని గుర్తు. ఆ మచ్చలు పాత జీనువీ కావచ్చు, కానీ కొత్తగా వస్తుంటే ఇప్పటిదే.

గుర్రం ప్రవర్తన కూడా కొలతే. రౌతు మెత్తనయితే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని సామెత. ఆ సామెతను నమ్ముకొని, గర్త్ బిగించేటప్పుడు కరవబోయే గుర్రాన్ని పొగరుబోతని, ఎక్కగానే వీపు కుంగదీసేదాన్ని నటిస్తోందని, కొరడా పట్టడం మామూలైపోయింది. మూడు కాళ్ళ మీద నడిచే గుర్రానికి నాలుగో కాలో, వీపో నొప్పిగా ఉందేమోనన్న ఆలోచన ముందు రావాలి. బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్, తన సహచరులతో కలిసి, స్వారీలో ఉన్న గుర్రం నొప్పిని తెలిపే 24 ప్రవర్తనలను వర్గీకరించారు: చెవులు వెనక్కు వంచడం, తోక ఆడించడం, నోరు తెరవడం, తల ఊపడం, ముందుకు కదలకపోవడం లాంటివి. వాటిలో 8 లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఎముకలు, కండరాల నొప్పి ఉండే అవకాశం బలంగా ఉంటుంది. ఆ జాబితాలో ఉన్నవన్నీ మన గుర్రపుశాలల్లో రోజూ చెడ్డ అలవాట్లుగా లెక్కకు వచ్చేవే.

అలాగని ప్రతి నొప్పినీ జీను మీదికి నెట్టలేము. జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారడానికి, కంటికి ఆనని వెనుక కాలి కుంటు కారణం కావచ్చునని పరిశోధనల్లో తేలింది. జీను ఎన్నిసార్లు మార్చినా ఆ జారుడు పోదు, కాలికి చికిత్స జరిగితే పోతుంది. థరోబ్రెడ్‌లలో వెన్నుపూసల ముళ్ళు ఒకదానికొకటి తాకే వ్యాధి కూడా ఎక్కువ, అదీ జీను కిందకు వచ్చే భాగంలోనే. అందువల్ల జీను మార్చేముందు పశువైద్యుడు వీపూ కాళ్ళూ చూడటం డబ్బు దండగ కాదు.

ఎత్తు మూపు గుర్రానికి ఎదురు కొస చిన్న జాతి కొండ గుర్రాలది. మణిపురి, స్పీతి వంటి పొట్టి జాతుల్లో మూపు తక్కువ, పక్కలు గుండ్రం, వీపు పొట్టి. వాటి మీద జీను పీపా మీద పెట్టినట్టు పక్కకు దొర్లుతుంది, దిగుడులో మెడ మీదికి పోతుంది. తోక కిందుగా పోయే పట్టీ ఒకటి అవసరమవుతుంది. పెద్దవారికి కావలసిన 17.5 అంగుళాల జీను ఆ వీపు మీద 18వ పక్కటెముకను దాటిపోతుంది. అప్పుడు చేయగలిగింది జీను మార్చడం కాదు, రౌతును మార్చడం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ ఊళ్ళలో సరుకు మోసే గుర్రాలకు కూడా ఇదే శరీరధర్మం వర్తిస్తుంది: గోనె మూట వెన్ను మీద అడ్డంగా పడకుండా, ఇరువైపులా రెండు మెత్తటి దిండ్లు కట్టి నడుమ సందు వదిలితే, ఖర్చు లేకుండానే పుండ్లు తగ్గుతాయి.

స్వారీ బడుల్లో అసలైన ఇబ్బంది పది గుర్రాలకు మూడు జీనులు ఉండటం. సైన్యాలకు కూడా ఈ ఇబ్బంది తెలుసు. 1912 నాటి బ్రిటిష్ యూనివర్సల్ ప్యాటర్న్ జీనులో వీపుకు ఇరువైపులా ఆనే చెక్క పలకలను కీళ్ళ మీద కదిలేలా అమర్చడం, గుర్రం చిక్కినకొద్దీ కింద కంబళి మడతను మార్చడం అందుకు చేసిన ఏర్పాట్లే. ఈనాటి బడి అంత చేయలేకపోయినా, అట్ట మీద గీసిన వీపు గీతలను పక్కపక్కన పెట్టి, దగ్గరి ఆకారాలను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక జీను కేటాయించి, దాని మీద గుర్రాల పేర్లు రాసి ఉంచగలదు. ఏ గుంపుకూ చెందని గుర్రం ఒకటి రెండు మిగులుతాయి. వాటికి వేరే జీను కొనాలి, కొనేదాకా వాటిని ఎక్కకూడదు.

ఉన్నితో నింపిన దిండ్లు మొదటి నెలల్లోనే అణుగుతాయి కాబట్టి కొత్త జీనును కొన్న రెండు మూడు నెలలకు ఒకసారి, తరువాత ఆరు నెలలకొకసారి మళ్ళీ చూడాలి. ఎదిగే వయసు గుర్రానికి ఇంకా త్వరగా. గీసిన అట్టలను తేదీ వేసి జీనుల గదిలోనే ఉంచితే, కొత్త గీతను పాతదాని మీద పెట్టగానే మార్పు కనిపిస్తుంది. రెండు గీతల వాలు ఒకటే ఉండి నిండుదనంలో కొద్ది తేడా వస్తే ఉన్ని సవరించి సరిపెట్టుకోవచ్చు. వాలే మారితే ఆ చట్రం ఇక ఆ గుర్రానిది కాదు.